బడి, భోజనం, ఆరోగ్యం: రాష్ట్ర చట్టంలో మార్పు కోసం పౌరులు ఎలా పని చేయాలి

తెలంగాణలో మా మండలంలోని ఒక జిల్లా పరిషత్ ఉన్నత పాఠశాల యాజమాన్య కమిటీలో నేను రెండు దఫాలు సభ్యురాలిగా ఉన్నాను. ఒక ఏడాది వానాకాలంలో వరుసగా నాలుగు వారాలు పిల్లల పళ్లాల్లో గుడ్డు కనిపించలేదు. ఎందుకని అడిగితే వంట చేసే ఆమె మాటతో జవాబు చెప్పకుండా లోపలికి వెళ్లి కిరాణా కొట్టు ఖాతా పుస్తకం తెచ్చి నా చేతిలో పెట్టింది. గుడ్ల ట్రేల లెక్క కింద ఎర్ర సిరాతో రెండు గీతలు, వాటి పక్కన "పాత బాకీ కట్టే వరకు అప్పు లేదు" అని దుకాణదారు చేతిరాత ఉన్నాయి. అయిదు నెలలుగా బిల్లులు రాలేదు. అప్పటికే ఆమె చెవి కమ్మలు కుదువపెట్టి నూనె, పప్పు తెచ్చి వండుతోంది.

మేము మొదట ఆమెతోనే గొడవ పడ్డాం, తరువాత హెచ్‌ఎంతో, ఆ తరువాత మండల కార్యాలయంతో. వాళ్లలో ఎవరి చేతిలోనూ ఆ డబ్బు విడుదల చేసే అధికారం లేదు. ఏ కార్యాలయంలో ఏ కాగితం మారితే ఆ గుడ్డు తిరిగి పళ్లెంలోకి వస్తుందో తెలుసుకోవడానికి మాకు ఏడాదిన్నర పట్టింది. మీకు అంత కాలం పట్టకూడదన్న ఉద్దేశంతో, అప్పుడు నేర్చుకున్న పద్ధతిని ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ఉదాహరణలు ఎక్కువగా బడి భోజనం నుంచే తీసుకున్నాను గాని, ఆసుపత్రి విషయమైనా, ఆహార కల్తీ అయినా నడవాల్సిన దారి ఇదే.

మొదట, మీ సమస్య ఏ కాగితం మీద నిలిచి ఉందో కనుక్కోండి

"చట్టం మార్చాలి" అని అందరం అంటాం. కానీ పౌరుడి నిత్య జీవితాన్ని తాకే నిబంధనల్లో ఎక్కువ భాగం అసెంబ్లీలో ఆమోదం పొందిన చట్టంలో ఉండదు. పైన పార్లమెంటు చట్టం లేదా రాష్ట్ర చట్టం ఉంటుంది, దాని కింద ప్రభుత్వం చేసే నియమాలు ఉంటాయి, వాటి కింద శాఖ జారీ చేసే జీఓలు, ఇంకా కింద కమిషనరేట్ పంపే మెమోలు, సర్క్యులర్లు ఉంటాయి. ఒక్కో దాన్ని మార్చే అధికారం ఒక్కొక్కరిది, మార్చడానికి పట్టే కాలం కూడా వేరు. సర్క్యులర్‌తో తీరే సమస్య కోసం చట్ట సవరణ అడిగితే ఏళ్లు గడిచిపోతాయి. చట్టంలో ఉండాల్సిన హక్కును సర్క్యులర్‌తో సరిపెట్టుకుంటే తరువాతి అధికారి దాన్ని ఒక్క సంతకంతో తీసేయగలడు.

రాజ్యాంగం ఏడో షెడ్యూల్ ప్రకారం ప్రజారోగ్యం, పారిశుధ్యం, ఆసుపత్రులు రాష్ట్ర జాబితాలో ఉన్నాయి కాబట్టి వాటిపై చట్టం చేసే అధికారం ప్రధానంగా రాష్ట్ర శాసనసభదే. విద్య 1976లో 42వ సవరణతో, కేంద్రం, రాష్ట్రం రెండూ చట్టం చేయగల ఉమ్మడి జాబితాలోకి వెళ్లింది, ఆహార కల్తీ కూడా అక్కడే ఉంది. ఉమ్మడి జాబితాలోని విషయంపై కేంద్ర చట్టం ఉంటే, దానికి విరుద్ధంగా రాష్ట్రం చేసే చట్టం రాష్ట్రపతి ఆమోదం లేకుండా నిలవదు. అందువల్ల విద్య, ఆహార విషయాల్లో మీరు అడిగేది కేంద్ర చట్టానికి అదనంగా ఉండేటట్టు, విరుద్ధం కాకుండా చూసుకోవడం మంచిది.

ఇప్పుడు బడి భోజనాన్నే తీసుకుని పొరలు విప్పి చూడండి. 2001 నవంబరు 28న సుప్రీంకోర్టు, పీయూసీఎల్ అనే పౌరహక్కుల సంఘం వేసిన కేసులో ఇచ్చిన మధ్యంతర ఆదేశం ప్రభుత్వ, ఎయిడెడ్ ప్రాథమిక బడుల్లో కనీసం 300 కేలరీలు, 8 నుంచి 12 గ్రాముల ప్రొటీన్ ఉన్న వండిన భోజనం ఏడాదికి కనీసం 200 రోజులు పెట్టాలని చెప్పింది. 2013లో వచ్చిన జాతీయ ఆహార భద్రతా చట్టం అయిదో సెక్షన్ ఆ భోజనాన్ని చట్టబద్ధమైన హక్కు చేసింది. రెండేళ్లకు, 2015లో, మధ్యాహ్న భోజన నియమాలు వచ్చాయి. బియ్యం, వంట ఖర్చు, వంటచెరకు, వంట మనిషి వంటివి కొరవడి భోజనం పెట్టలేకపోతే పిల్లలకు ఆహార భద్రతా భత్యం ఇవ్వాలని, భోజనం డబ్బు అయిపోతే బడి దగ్గరున్న మరే నిధినైనా హెచ్‌ఎం తాత్కాలికంగా వాడుకోవచ్చని ఆ నియమాలు చెబుతాయి. మా బడిలో కమ్మలు కుదువకు పోయిన రోజుల్లో ఆ నియమం ఒకటుందని మాలో ఎవరికీ తెలియదు.

కేంద్ర చట్టంలోని హక్కు ఎనిమిదో తరగతితో ఆగిపోతుంది. తొమ్మిది, పది తరగతుల పిల్లలకు రెండు తెలుగు రాష్ట్రాల్లోనూ భోజనం పెడుతున్నారంటే అది రాష్ట్ర ప్రభుత్వం సొంత ఖర్చుతో, తన ఉత్తర్వులతో చేస్తున్న పని. గుడ్డు కూడా అంతే. ఆంధ్రప్రదేశ్‌లో 2025 జనవరి నుంచి ప్రభుత్వ జూనియర్ కళాశాలల విద్యార్థులకు పెడుతున్న మధ్యాహ్న భోజనం కూడా అలాంటిదే. ఇవన్నీ మంచి పనులు, అందుకు సందేహం లేదు. కానీ ఉత్తర్వు మీద నిలిచిన మేలును మరో ఉత్తర్వుతో ఆపవచ్చు, బడ్జెట్‌లో ఆ పద్దుకు డబ్బు తగ్గించి ఉత్తర్వు కూడా లేకుండానే ఆపవచ్చు. ఆహార భద్రతా చట్టం 32వ సెక్షన్ కేంద్రం ఇచ్చే దానికంటే మెరుగైన పథకాలను రాష్ట్రాలు సొంత వనరులతో నడుపుకోవచ్చని స్పష్టంగా చెబుతోంది. ఛత్తీస్‌గఢ్ అయితే దేశ చట్టం కంటే ముందే, 2012లో, సొంత ఆహార భద్రతా చట్టం చేసుకుంది. కాబట్టి పదో తరగతి దాకా గుడ్డుతో కూడిన భోజనాన్ని రాష్ట్ర చట్టంలోకి తేవాలని అడగడానికి అడ్డేమీ లేదు.

దీనికి భిన్నంగా, శాసనసభ దాకా వెళ్లనక్కర్లేని సందర్భాలు కూడా ఉంటాయి. 2006 నాటి ఆహార భద్రత, ప్రమాణాల చట్టం 30వ సెక్షన్ కింద రాష్ట్ర ఆహార భద్రతా కమిషనర్ ప్రజారోగ్యం కోసం ఒక ఆహార పదార్థాన్ని ఏడాది వరకు నిషేధించవచ్చు. 2024 అక్టోబరు చివరలో తెలంగాణలో పచ్చి గుడ్డుతో చేసే మయొనైజ్‌ను నిషేధించింది ఈ అధికారంతోనే. అది వేగంగా దొరికే పరిష్కారమే, అయితే గడువు ఏడాదే కాబట్టి ముగిసే తేదీని మీరు గుర్తుపెట్టుకుని ముందే అర్జీ పెట్టాలి.

ఒక చిన్న సూచన. తెలంగాణలో అమలులో ఉన్న చాలా పాత చట్టాలు ఉమ్మడి రాష్ట్రం నాటివి, 1982 విద్యా చట్టం అలాంటిదే. పునర్విభజన చట్టం ప్రకారం అవి రెండు రాష్ట్రాల్లోనూ కొనసాగాయి, తరువాత ఎవరి సవరణలు వారు చేసుకున్నారు. అందుకని ఇంటర్నెట్‌లో దొరికిన పాత ప్రతిని నమ్ముకోకుండా మీ రాష్ట్రంలో ఇప్పుడు అమలులో ఉన్న ప్రతిని సంపాదించి చదవండి.

ఆధారం కూడబెట్టడం

వంద రూపాయల నోట్‌బుక్ ఒకటి కొనండి. ఆ రోజు తేదీ, హాజరైన పిల్లల సంఖ్య, వడ్డించిన పదార్థాలు, గుడ్డు ఇచ్చారా లేదా, మంచినీళ్లు ఉన్నాయా అన్నవి రోజూ రాయండి. మేము నలుగురు తల్లులం వంతులు వేసుకుని మూడు నెలలు రాశాం. "గుడ్లు సరిగా పెట్టడం లేదు" అన్నప్పుడు మా మాటను ఎవరూ పట్టించుకోలేదు. "పెట్టాల్సిన ముప్పై తొమ్మిది రోజుల్లో పదిహేడు రోజులు పెట్టలేదు, తేదీలు ఇవిగో" అని చూపించినప్పుడు అదే అధికారి కుర్చీలో ముందుకు వంగి చదివాడు.

ఆ తరువాత నోట్‌బుక్‌లోని విషయాన్ని ప్రభుత్వ రికార్డులోకి ఎక్కించాలి. 2009 విద్యాహక్కు చట్టం 21వ సెక్షన్ ప్రకారం పాఠశాల యాజమాన్య కమిటీలో నాలుగింట మూడు వంతుల మంది తల్లిదండ్రులు ఉండాలి, మొత్తం సభ్యుల్లో సగం మంది మహిళలు ఉండాలి. ఆ కమిటీ సమావేశంలో విషయాన్ని చర్చకు పెట్టి, తీర్మానంగా మినిట్స్ పుస్తకంలో రాయించి, సంతకాలు చేయించి, ఆ పేజీ నకలు తీసుకోండి. సంతకాల కోసం ఖాళీ పేజీ చాపితే మర్యాదగా నిరాకరించండి. మా కమిటీలో ఆ అలవాటు ఏళ్ల తరబడి ఉంది. మేము సంతకం చేసిన పేజీల మీద తరువాత ఏం రాశారో మాకే తెలియని పరిస్థితి ఉండేది.

మిగతా సమాచారానికి సమాచార హక్కు చట్టం ఉంది. రెండు రాష్ట్రాల్లోనూ గ్రామ స్థాయి కార్యాలయంలో దరఖాస్తుకు రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. దారిద్ర్య రేఖకు దిగువన ఉన్నవారు రుసుము కట్టనక్కర్లేదు. జవాబుకు గడువు 30 రోజులు. దరఖాస్తులో "ఎందుకు ఆలస్యం చేశారు" అని అడగకండి, ఎందుకంటే కార్యాలయం దగ్గరున్న కాగితాన్ని అడగడానికే ఆ చట్టం ఉపయోగపడుతుంది. "ఫలానా బడికి సంబంధించి ఫలానా నెల నుంచి ఫలానా నెల వరకు సమర్పించిన వంట బిల్లులు అందిన తేదీ, ట్రెజరీకి పంపిన తేదీ, వంట చేసే మహిళల ఏజెన్సీ ఖాతాలో జమ అయిన తేదీ తెలిపే రిజిస్టరు పేజీల నకళ్లు ఇవ్వగలరు" అని రాయండి. మేము ఇలా రాసినప్పుడే అసలు జాప్యం మండలంలో లేదని, బిల్లు మండలం నుంచి తొమ్మిది రోజుల్లోనే వెళ్లిపోయిందని, ఆ తరువాత నెలల తరబడి నిధుల విడుదల కోసం ఆగి ఉందని తేలింది. అంతవరకు మేము తిట్టుకున్న మండల అధికారికి మా కమిటీ తరఫున క్షమాపణ చెప్పాం.

ఇదే చట్టంలో చాలామంది వాడని సెక్షన్ ఇంకొకటి ఉంది. 4(1)(సి) ప్రకారం ప్రజలను ప్రభావితం చేసే ముఖ్యమైన విధానాలు రూపొందించేటప్పుడు వాటికి సంబంధించిన వాస్తవాలన్నిటినీ ప్రభుత్వ యంత్రాంగం తనంతట తానే ప్రచురించాలి. ముసాయిదా బిల్లు సిద్ధమవుతోందని పత్రికల్లో చదివినప్పుడు, ఈ సెక్షన్‌ను ఉటంకిస్తూ ముసాయిదాను బయటపెట్టమని శాఖ కార్యదర్శికి రాయండి. ముసాయిదాను కనీసం 30 రోజులు ప్రజల ముందు ఉంచాలన్న 2014 నాటి విధానం కేంద్ర శాఖల కోసం చేసినదే అయినా, రాష్ట్రం కూడా ఆ పద్ధతి పాటించాలని అడగడానికి అది గట్టి ఆధారం.

మీ కోరికను ఒక్క నిబంధనగా రాయండి

నా అనుభవంలో అన్నిటికంటే ఎక్కువ ఫలితమిచ్చిన పని ఇదే, అందరూ వదిలేసే పని కూడా ఇదే. ఎమ్మెల్యేకు ఇచ్చే అర్జీల్లో తొంభై పాళ్లు "తగు చర్యలు తీసుకోవలసిందిగా ప్రార్థన" అని ముగుస్తాయి. ఆ తగు చర్య ఏమిటో ఆయన ఊహించలేడు, ఆయన పీఏ అసలు ఊహించడు. చట్టంలో గాని నియమంలో గాని జీఓలో గాని ఏ మాటలు చేరాలో మీరే రాసి ఇస్తే, అర్జీ అందుకున్న మనిషి చేయాల్సిన పని స్పష్టమవుతుంది.

మేము మొదట రాసుకున్నది ఇలా ఉండేది: "పిల్లలకు పౌష్టికాహారం సక్రమంగా అందేలా, వంట ఏజెన్సీలకు బిల్లులు సకాలంలో చెల్లించేలా ప్రభుత్వం చూడాలి." వినడానికి బాగుంది. కానీ సక్రమంగా అంటే ఏమిటి? సకాలం అంటే ఎన్ని రోజులు? చూడకపోతే ఎవరు జవాబుదారీ? ఈ వాక్యం రేపు చట్టంలోకి అక్షరం మారకుండా ఎక్కినా, బిల్లు అయిదు నెలలు ఆగితే దాన్ని పట్టుకుని అడగడానికి ఏమీ దొరకదు.

ఊళ్లోనే ఉండే ఒక విశ్రాంత ట్రెజరీ ఉద్యోగి ఇంటి అరుగు మీద రెండు సాయంత్రాలు కూర్చుని దాన్ని ఇలా తిరగరాశాం: "ప్రభుత్వ, స్థానిక సంస్థల, ఎయిడెడ్ పాఠశాలల్లో ఒకటి నుంచి పదో తరగతి వరకు చదివే ప్రతి విద్యార్థికీ మధ్యాహ్న భోజనంతో పాటు వారానికి మూడు రోజులకు తక్కువ కాకుండా గుడ్డు ఇవ్వాలి. గుడ్డు తినని విద్యార్థికి సమానమైన ప్రొటీన్ గల ఆహారం ఇవ్వాలి. భోజనానికి, గుడ్డుకు అయ్యే ఖర్చును తరువాతి నెల పదో తేదీలోగా వంట ఏజెన్సీ బ్యాంకు ఖాతాలో జమ చేయాలి. ఆ తేదీలోగా జమ కాని ప్రతి సందర్భంలోనూ జిల్లా విద్యాధికారి కారణాన్ని ఏడు రోజుల్లో రాష్ట్ర ఆహార కమిషన్‌కు రాతపూర్వకంగా తెలియజేయాలి."

ఈ నాలుగు వాక్యాల్లో ఎవరికి, ఏమిటి, ఎంత, ఎప్పటిలోగా, డబ్బు జమ కాకపోతే ఎవరు ఎవరికి జవాబు చెప్పాలి అన్న ప్రశ్నలన్నిటికీ జవాబుంది. మీది రాసేటప్పుడు క్రియా పదాలను ఒకటికి రెండుసార్లు చూసుకోండి. "ఇవ్వవచ్చు" అని ఉంటే అది అధికారి ఇష్టం, "ఇవ్వాలి" అని ఉంటే అతని విధి. ముసాయిదాలు కార్యాలయాల మధ్య తిరిగేటప్పుడు మొదట మారేది ఈ ఒక్క మాటే. "వీలైనంత వరకు", "నిధుల లభ్యతను బట్టి" అన్న మాటలు ఎక్కడ చేరాయో కూడా వెతకండి. అవి చేరిన చోట హక్కు బలహీనపడుతుంది.

ఖర్చు లెక్క కూడా జత చేయండి. ప్రాథమిక తరగతుల్లో పిల్లకు రోజుకు 100 గ్రాములు, ప్రాథమికోన్నత తరగతుల్లో 150 గ్రాముల బియ్యం కేంద్రం ఇస్తుంది. వంట ఖర్చు కింద కేంద్ర, రాష్ట్రాలు 60:40 నిష్పత్తిలో భరించే మొత్తం 2025 మే నుంచి ప్రాథమిక తరగతులకు రోజుకు 6.78 రూపాయలు, ప్రాథమికోన్నత తరగతులకు 10.17 రూపాయలు. పప్పు, కూరగాయలు, నూనె, గ్యాసు అన్నీ ఇందులోనే రావాలి. వంట చేసే వారి గౌరవ వేతనానికి కేంద్రం లెక్క 2009 నుంచి నెలకు 1,000 రూపాయల దగ్గరే నిలిచి ఉంది, ఆపైన ఇచ్చేది రాష్ట్రమే. ఇటువంటి అంకెలు మీ దగ్గర ఉంటే, డబ్బెక్కడిదన్న ప్రశ్న వచ్చినప్పుడు మీరు తడబడరు.

కింది తలుపులు ముందుగా తట్టండి

చట్టం మారాలని అడిగే ముందు, ఉన్న చట్టం కింద మీరు చేయగలిగిందంతా చేశారని చూపించాలి. ఆహార భద్రతా చట్టం కింద ప్రతి జిల్లాకూ ఫిర్యాదుల పరిష్కార అధికారి ఉండాలి, ఆయన నిర్ణయం మీద రాష్ట్ర ఆహార కమిషన్‌కు అప్పీలు చేసుకోవచ్చు. విద్యాహక్కు విషయాలకు రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది. తెలంగాణలో సోమవారం కలెక్టరేట్‌లో ప్రజావాణి, ఆంధ్రప్రదేశ్‌లో ప్రజా సమస్యల పరిష్కార వేదిక జరుగుతాయి. ఎక్కడ ఇచ్చినా రసీదు గాని ఇన్‌వర్డ్ నంబరు గాని లేకుండా వెనక్కి రాకండి. ఈ తలుపుల్లో కొన్ని తెరుచుకుంటాయి, సమస్య అక్కడే తీరితే సంతోషం. తీరకపోతే, తీరలేదనడానికి కాగితం మీ చేతిలో ఉంటుంది.

శాసనసభ్యుల దగ్గరకు ఎప్పుడు, ఎలా వెళ్లాలి

ఆంధ్రప్రదేశ్ శాసనసభలో 175, మండలిలో 58 స్థానాలున్నాయి, తెలంగాణలో అవి 119, 40. అందరూ తమ ఎమ్మెల్యే దగ్గరకే వెళతారు. బడి విషయమైతే ఉపాధ్యాయ నియోజకవర్గం నుంచి ఎన్నికైన ఎమ్మెల్సీని కూడా కలవండి. ఆంధ్రప్రదేశ్‌లో అయిదుగురు, తెలంగాణలో ముగ్గురు అలాంటి వారున్నారు, పట్టభద్రుల స్థానాలు కూడా అన్నే. వారి ఓటర్లు చదువుకున్న వారు, ఎక్కువ మంది బడులతో సంబంధం ఉన్న వారు కాబట్టి ఇటువంటి విషయం విని అర్థం చేసుకునే ఓపిక వారికి సాధారణంగా ఉంటుంది.

వెళ్లే సమయం ముఖ్యం. రెండు సమావేశాల మధ్య ఆరు నెలలకు మించి వ్యవధి ఉండకూడదని రాజ్యాంగం చెబుతోంది, బడ్జెట్ సమావేశాలు ఏటా సాధారణంగా ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉంటాయి. సమావేశాలు మొదలయ్యాక పరుగెత్తితే ప్రశ్నల నోటీసు గడువు దాటిపోతుంది. బడ్జెట్‌లో కొత్త ఖర్చు చేరాలంటే ఇంకా ముందు, శాఖలు తమ ప్రతిపాదనలు తయారు చేసే చలికాలంలోనే కలవాలి.

మీరు కలిసే సభ్యుడికి ఒకే ఒక్క పేజీ ఇవ్వండి. పైన సమస్య మూడు వాక్యాల్లో, మధ్యలో మీరు రాసిన నిబంధన, కింద అడగవలసిన ప్రశ్న ఉండాలి. మిగతా ఆధారాలన్నీ వేరే ఫైలులో పెట్టి పీఏకు ఇవ్వండి. శాలువాలు, బొకేలు వద్దు, నోట్‌బుక్ రాసిన తల్లిని వెంట తీసుకెళ్లండి. సభలో వేయడానికి అనువైన ప్రశ్న నమూనా ఒకటి చూడండి: "గత ఆర్థిక సంవత్సరంలో మధ్యాహ్న భోజన వంట ఏజెన్సీలకు బిల్లు సమర్పించిన నాటి నుంచి చెల్లింపు వరకు పట్టిన సగటు కాలం ఎంత, జిల్లాల వారీగా బకాయి ఎంత, బకాయి పేరుకుపోకుండా ప్రభుత్వం తీసుకుంటున్న చర్యలేమిటి?" దీనికి మంత్రి ఇచ్చే జవాబు సభా రికార్డులోకి ఎక్కుతుంది. ఆ జవాబు మీ తదుపరి అర్జీకి పునాది అవుతుంది, జవాబు తయారు చేయడానికి శాఖ ప్రతి జిల్లా నుంచి లెక్క తెప్పించుకోవలసి వస్తుంది. మా విషయంలో ప్రశ్న సభలో మౌఖికంగా చర్చకు రానేలేదు, అయినా జిల్లాల నుంచి బకాయి వివరాలు అడిగిన పదిహేను రోజుల్లో మా బడికి మూడు నెలల బిల్లు వచ్చింది.

మంత్రి కాని సభ్యుడు తనంతట తాను ప్రైవేటు బిల్లు కూడా పెట్టవచ్చు గాని, అలాంటివి చట్టాలుగా మారడం చాలా అరుదు. పైగా రాష్ట్ర ఖజానా నుంచి ఖర్చు అవసరమయ్యే బిల్లును గవర్నర్ సిఫారసు లేకుండా సభ ఆమోదించలేదు. ఆ ప్రయత్నంలో ఉన్న శక్తినంతా పెట్టేయకుండా, ప్రభుత్వమే బిల్లు తెచ్చేటట్టు, లేదా తెచ్చిన బిల్లులో మీ నిబంధన చేరేటట్టు చూడటం మేలు.

బిల్లు సభలోకి వచ్చిన తరువాత

ప్రవేశపెట్టిన రోజునే బిల్లు ప్రతి సంపాదించండి. మన శాసనసభల్లో బిల్లు ప్రవేశానికీ ఆమోదానికీ మధ్య ఒకటి రెండు రోజులే దొరకడం మామూలైపోయింది. ఇది పౌరులకు పెద్ద ఇబ్బంది. అందుకే సవరణను నిబంధన నంబరుతో సహా ముందే రాసి ఉంచుకుని, సభ్యుడి చేతికి వెంటనే ఇవ్వగలగాలి. రెండు సభలున్న మన రాష్ట్రాల్లో ద్రవ్య బిల్లు (పన్నులు, ఖజానా ఖర్చు వంటి వాటికే పరిమితమైన బిల్లు) కాని బిల్లును మండలి మొదటిసారి మూడు నెలలు, రెండోసారి ఒక నెల వరకు ఆపగలదు. మండలికి బిల్లును శాశ్వతంగా అడ్డుకునే అధికారం లేకపోయినా, ఆ వ్యవధి మీ అభ్యంతరాలు వినిపించడానికి పనికొస్తుంది. సభ్యుడి ద్వారా పిటిషన్ల కమిటీకి అర్జీ సమర్పించే పద్ధతి కూడా ఉంది.

బిల్లును సెలెక్ట్ కమిటీకి, అంటే దాన్ని వివరంగా పరిశీలించే సభ్యుల కమిటీకి, పంపాలని అడగడానికి వెనకాడకండి. రాజస్థాన్ ఆరోగ్య హక్కు చట్టం కథ ఇందుకు మంచి పాఠం. జన స్వాస్థ్య అభియాన్ వంటి సంఘాలు ఏళ్లుగా అడిగిన ఆ బిల్లును 2022 సెప్టెంబరులో ప్రవేశపెట్టి సెలెక్ట్ కమిటీకి పంపారు. 2023 మార్చి 21న సభ ఆమోదించింది. అత్యవసర చికిత్సకు రోగి డబ్బు కట్టలేకపోతే ప్రైవేటు ఆసుపత్రికి ఎవరు చెల్లిస్తారన్న దానిపై ప్రైవేటు వైద్యులు రోజుల తరబడి ఆందోళన చేశారు, ఏప్రిల్ మొదటి వారంలో ప్రభుత్వంతో ఒప్పందం కుదిరాకే విరమించారు. ఆ ఒప్పందంతో చాలా ప్రైవేటు ఆసుపత్రులు చట్టం పరిధి బయటే ఉండిపోయాయి. మీ నిబంధన వల్ల ఎవరికి భారం పెరుగుతుందో వారిని మొదటే కలిసి, వారి ప్రశ్నకు జవాబు నిబంధనలోనే రాయాలని నేను ఎందుకు పట్టుబడతానో దీన్నిబట్టి అర్థం చేసుకోండి. బడి భోజనం విషయంలో వంట మహిళలను, ఉపాధ్యాయులను మీ వైపు కూర్చోబెట్టుకోకుండా నిబంధన రాస్తే, గుడ్డు రాని రోజున శిక్ష పడేది మళ్లీ కమ్మలు కుదువపెట్టిన ఆమెకే.

చట్టం వచ్చాక చేయాల్సినవి

గెజిట్‌లో అచ్చయిన రోజుతో పని సగమే అవుతుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ప్రైవేటు ఆసుపత్రుల నమోదు, నియంత్రణ చట్టం 2002లో వచ్చింది, దాని అమలుకు కావలసిన నియమాలు 2007లో గాని రాలేదు. ఆ అయిదేళ్లూ చట్టం పుస్తకంలోనే ఉంది. కాబట్టి మీ నిబంధనలోనే "ఈ చట్టం అమలులోకి వచ్చిన ఆరు నెలల్లోగా నియమాలు రూపొందించాలి" అన్న మాట చేర్చమని అడగండి. విద్యాహక్కు చట్టం 38వ సెక్షన్ కింద రాష్ట్రం చేసే నియమాలను శాసనసభ ముందు ఉంచాలి. అలా ఉంచారా లేదా అని మీ సభ్యుడి ద్వారా అడిగించండి.

గడువులను కూడా గమనించండి. దళిత, గిరిజన సంఘాల సుదీర్ఘ పోరాటంతో 2013లో అమలులోకి వచ్చిన, బడ్జెట్‌లో ఎస్సీ, ఎస్టీల వాటాను వారికే ఖర్చు చేయాలనే ఉప ప్రణాళికల చట్టానికి పదేళ్ల గడువే పెట్టారు. తెలంగాణ 2017లో దాని స్థానంలో ప్రత్యేక అభివృద్ధి నిధి చట్టం తెచ్చుకుంది, ఆంధ్రప్రదేశ్‌లో గడువు ముగిసే వేళకు 2023 జనవరిలో ఆర్డినెన్సుతో పొడిగించాల్సి వచ్చింది.

మన నేల మీద సామాన్య స్త్రీలు ఆరోగ్యం కోసం చట్టాన్ని తెప్పించిన సందర్భం నెల్లూరు జిల్లా దూబగుంటది. 1992లో అక్షరాస్యత తరగతుల్లో కూర్చున్న ఆడవాళ్లు తమ ఇళ్లను కూలుస్తున్న సారాను ఊళ్లోకి రానివ్వకుండా ఆపారు, వారిలో ముందు నిలిచిన రోశమ్మ పేరు రాష్ట్రమంతా తెలిసింది, 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రంలో సారా నిషేధం అమలైంది. 1995లో సంపూర్ణ మద్యనిషేధం చట్టంగా వచ్చింది. రెండేళ్లకే, 1997లో, ఖజానా ఇబ్బందులు చూపి దాన్ని సడలించారు. సారా నిషేధం మాత్రం నిలిచింది. చదువు నేర్చుకుంటున్న ఆ తల్లులు ప్రభుత్వం చేత చట్టం చేయించగలిగారన్న విషయం నాకు ఈ రోజుకూ ధైర్యాన్నిస్తుంది. చట్టం వచ్చాక దాని సవరణ బిల్లులను ఊరూరా గమనిస్తూ కూర్చునే ఏర్పాటు అప్పుడు లేదు. మీరు ఆ ఏర్పాటు చేసుకోవచ్చు. మీ బృందంలో ఒకరికి గెజిట్, జీఓల వెబ్‌సైటు వారానికోసారి చూసే పని, ఒకరికి సభా కార్యక్రమాల జాబితా చూసే పని, ఒకరికి ప్రతి మార్చిలో బడ్జెట్ పద్దులో అంకె పెరిగిందో తగ్గిందో రాసే పని అప్పగించండి.

బడిలో పెట్టిన మొదటి నోట్‌బుక్‌ను ఆపకండి. అది నిండితే రెండోది కొని, మొదటి పేజీలోనే నిబంధన ప్రకారం డబ్బు జమ కావలసిన తేదీ ఒక వరుసలో, నిజంగా జమ అయిన తేదీ దాని పక్క వరుసలో వచ్చేటట్టు గీతలు గీసి పెట్టుకోండి.